సాగర్ బ్యాక్‌వాటర్‌లో గాలి లేస్తే చిన్న మోటారు బోటు ఎలా నడపాలి? దగ్గర దగ్గరగా వచ్చే అలల మీద చర్చ

కృష్ణాతీరం (నేరేడుగొమ్ము)

అందరికీ నమస్కారం. మేం వైజాగ్ కాలనీ దగ్గర బోటు నడుపుతాం. 17 అడుగుల ఫైబర్ బోటు, వెనక 60 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజన్. ఆరుగురిని ఎక్కించుకుంటాం. పొద్దున పూట ఏ ఇబ్బందీ ఉండదు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తే మాత్రం టెన్షన్. అలలు మరీ పెద్దవేం కావు, మోకాలెత్తు, అప్పుడప్పుడు నడుమెత్తు. కానీ ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా వస్తాయి, గోడలా నిలబడి వస్తాయి. ఏలేశ్వరం గట్టు వైపు ఎదురుగాలికి పోతే ముందు భాగం దభీదభీమని నీళ్లను కొడుతుంది, కూర్చున్నవాళ్ల నడుములు పోతాయి. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి ఉంటుంది కాబట్టి హాయిగా ఉండాలి కదా, కానీ అప్పుడే స్టీరింగ్ తేలిపోయి వెనక భాగం పక్కకు జారుతుంది. ఈ రెండింటికీ పద్ధతి ఏంటో తెలిసినవాళ్లు చెప్పండి. ట్రిమ్ బటన్ (ఇంజన్ వంపు మార్చేది) ఏ అలకు ఎటు నొక్కాలో కూడా.

దేవరకొండ_వేగం

అన్నా, స్పీడు తగ్గించకు. గుంతల రోడ్డు మీద జీపు నెమ్మదిగా పోతే ప్రతి గుంతా తెలుస్తుంది, వేగంగా పోతే పై నుంచి పోతుంది. బోటు కూడా అంతే. ముక్కు పైకి లేపి ఒక అల నెత్తి మీంచి ఇంకో అల నెత్తి మీదికి పోతూ ఉండాలి. నేను ఇట్లనే నడుపుతా.

తూర్పుతీరం

తమ్ముడూ, ఆ మాట సగం వరకే నిజం. మిగతా సగంలో మనుషుల వెన్నుపూసలున్నాయి.

మా పెద్దలు విశాఖ తీరం నుంచి వచ్చి సాగర్ ఒడ్డున స్థిరపడ్డారు. నేను రెండు నీళ్లూ చూశాను. సముద్రంలో రెండు మీటర్ల అల వచ్చినా చాలాసార్లు దాని వెనక బోలెడంత దూరం ఉంటుంది. పడవ నింపాదిగా ఎక్కుతుంది, నింపాదిగా దిగుతుంది. ఇక్కడ అర మీటరు అలే, కానీ దిగేలోపు రెండోది మూతి మీదికి వచ్చేస్తుంది. అందుకే ఎత్తు చూసి భయపడటం కాదు, ముందు అలకూ అలకూ మధ్య ఎడం చూడాలి. ఎంత దగ్గరగా ఉంటే అంత వేగం తగ్గించాలి, అంత ఏటవాలుగా పోవాలి.

ఎదురు అలకు నేరుగా గుద్దకండి. ముక్కును 30 నుంచి 45 డిగ్రీలు పక్కకు పెట్టి, అలను బుగ్గ మీద తీసుకోండి. కాసేపు కుడి బుగ్గ, కాసేపు ఎడమ బుగ్గ. దారి వంకరవుతుంది, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పర్లేదు.

ఇక చెయ్యి. స్టీరింగ్ మీది చెయ్యి కంటే థ్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే లీవర్) మీది చెయ్యే బోటును కాపాడుతుంది. అల ఎక్కేటప్పుడు కాస్త ఇవ్వాలి. నెత్తికి రాబోతుండగా తగ్గించాలి, లేకపోతే బోటు గాల్లోకి ఎగిరి పడుతుంది. దిగి గుంటలోకి వచ్చాక మళ్లీ కొంచెం ఇస్తే ముక్కు లేచి తర్వాతి అలను ఎక్కడానికి సిద్ధమవుతుంది. చెయ్యి లీవర్ మీంచి తీయకూడదు. ఒక దగ్గర పెట్టేసి మర్చిపోయే రకం ప్రయాణం కాదిది.

లెక్కలమాస్టారు_మిర్యాలగూడ

తూర్పుతీరం గారు ఎడం చూడమన్నారు. అది ఎందుకో లెక్కలో చూపిస్తాను, పిల్లలకు చెప్పడం అలవాటు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

గాలి నీటి మీద ఎంత దూరం అడ్డం లేకుండా వీస్తే అల అంత పెద్దదవుతుంది, అంత పొడవవుతుంది. సముద్రంలో ఆ దూరం వందల కిలోమీటర్లు. సాగర్ జలాశయం నిండినప్పుడు సుమారు 285 చదరపు కిలోమీటర్లు, కానీ కొండల మధ్య వంకర్లు తిరిగి ఉంటుంది. ఒక దిక్కున తెరిపిగా పది కిలోమీటర్లు దొరికితే ఎక్కువ. పది కిలోమీటర్ల నీటి మీద గంటకు 40 కిలోమీటర్ల గాలి నిలకడగా వీస్తే అల ఎత్తు అర మీటరు పైచిలుకు, ఒక అలకూ ఇంకో అలకూ మధ్య సుమారు 3 సెకన్లు. మధ్యమధ్య ఒకటి దానికి రెట్టింపు ఎత్తు, అంటే మీటరు దాకా రావచ్చు. కృష్ణాతీరం గారు నడుమెత్తు అన్నది అదే.

లోతు నీళ్లలో సెకన్లను అదే సెకన్లతో గుణించి 1.56తో మళ్లీ గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. 3 సెకన్ల అలకు 14 మీటర్లు, అది పరిగెత్తే వేగం గంటకు 17 కిలోమీటర్లు. 2 సెకన్ల అల అయితే 6 మీటర్లే. 17 అడుగుల బోటు అంటే 5 మీటర్ల పైన. అంటే ఒక అల నుంచి ఇంకో అలకు మీ బోటంత దూరమే. ముక్కు ఒకదాని మీద, వెనక భాగం ఇంకోదాని మీద.

ఇప్పుడు వేగం సంగతి. 3 సెకన్ల అలలకు ఎదురుగా గంటకు 30 కిలోమీటర్లతో పోతే దాదాపు ప్రతి సెకనుకూ ఒక దెబ్బ. 10 కిలోమీటర్లతో పోతే రెండు సెకన్లకు ఒకటి. పడి, లేచి, కుదురుకోవడానికి బోటుకు దొరికే సమయం రెట్టింపవుతుంది. ఏటవాలు లాభం కూడా లెక్కే: 45 డిగ్రీల్లో పోతే బోటు దారి వెంట 14 మీటర్ల ఎడం 20 మీటర్లవుతుంది. అల మారలేదు, మనకు పొడవైంది.

బోటు ఆపినప్పుడు నీటి మీద తేలే ఆకునో, మన వల బెండునో చూసి ఒక నెత్తి నుంచి ఇంకో నెత్తికి ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. రెండుకు దగ్గరగా ఉంటే ఆ రోజు ఎదురుగా పోవడం మానుకోవచ్చు.

దేవరకొండ_వేగం

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ నెమ్మదిగా పోతే ముక్కు కిందికి దిగి అలలోకి దూరుతుంది, ముందు కూర్చున్నవాళ్లు తడిసి ముద్దవుతారు. మరీ తగ్గిస్తే స్టీరింగ్ కూడా పట్టదు. దీనికేం చెప్తారు?

హాలియా_మెకానిక్

వేగం తమ్మీ అడిగింది న్యాయమైన ప్రశ్న. ఔట్‌బోర్డ్‌కు వేరే చుక్కాని ఉండదు. ఫ్యాను (ప్రొపెల్లర్) తోసే నీళ్లే బోటును తిప్పుతాయి. గేరు తీసేస్తే స్టీరింగ్ లేనట్టే. కాబట్టి నెమ్మది అంటే ఇంజన్ నిద్రపోవడం కాదు. ముక్కు లేచి, అలను ఎక్కి దిగే అంత వేగం ఉండాలి, ఎగిరే అంత ఉండకూడదు. అది ఒక్కో బోటుకు ఒక్కో దగ్గర ఉంటుంది. ఆర్‌పీఎం అంకె చెప్పమని నన్ను అడుగుతుంటారు, నేను చెప్పను. ఆరుగురు ఎక్కినప్పుడు ఒక దగ్గర, ఒక్కడే ఉన్నప్పుడు ఇంకో దగ్గర.

ట్రిమ్ సంగతి. ఎదురు అలకు ఇంజన్‌ను లోపలికి, అంటే బోటు వైపుకు నొక్కండి. ముక్కు కొంచెం దిగుతుంది, ముందు ఉన్న వీ ఆకారం అలను కోస్తుంది. ముక్కు పైకి ఉంటే అడుగున చదునుగా ఉన్న భాగం నీళ్లను చరుస్తుంది, మీకు వినిపించే దభీమనే చప్పుడు అదే. వెనక నుంచి అల వచ్చేటప్పుడు దీనికి పూర్తిగా తిరగబడి: ఇంజన్ కొంచెం బయటికి, ముక్కు పైకి. అక్కడ ముక్కు దిగి ఉంటే ముందు అలలో గుచ్చుకుంటుంది.

అల నెత్తి మీద ఫ్యాను గాలిలోకి వచ్చి ఇంజన్ ఒక్కసారి గీ..మని అరిస్తే వెంటనే తగ్గించండి. అదే అరుపుతో మళ్లీ నీళ్లలో పడితే ఫ్యాను బుష్షుకూ గేర్లకూ దెబ్బ. నా దగ్గరికి అలాంటివి వస్తూనే ఉంటాయి.

కిల్ స్విచ్ (తాడు ఊడితే ఇంజన్ ఆపేసేది) ఎర్ర తాడు మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో తగిలించుకోండి. డాష్‌బోర్డు మీద వేలాడదీస్తే అది ఉన్నా లేనట్టే. సరంగు నీళ్లలో పడ్డాక బోటు గుండ్రంగా తిరిగి ఆయన మీదికే వస్తుంది.

కృష్ణాతీరం (నేరేడుగొమ్ము)

మాస్టారికి, మెకానిక్ అన్నకు చాలా థాంక్స్. నేను ట్రిమ్ ఒక దగ్గర పెట్టి వదిలేసేవాళ్లనే ఎక్కువగా చూశాను. ఇక వెనక గాలి గురించి చెప్పండి, నాకు అసలు భయం అదే.

తూర్పుతీరం

భయం ఉండాలి బాబూ. ఎదురు అల దెబ్బ కొడుతుంది, వెనక అల తిప్పేస్తుంది. నడుము నొప్పి పుట్టించేది మొదటిది, బోటును బోర్లా పడేసేది రెండోది.

జరిగేది ఇది. వెనక అల అమరాన్ని, అంటే బోటు వెనక భాగాన్ని, పైకి లేపుతుంది. బోటు ముందుకు జారుతుంది, వేగం దానంతట అదే పెరుగుతుంది. ముక్కు ముందున్న అల వీపులో గుచ్చుకుని ఆగిపోతుంది. వెనక భాగం ఆగదు, పక్కకు తిరుగుతుంది. రెండు క్షణాల్లో బోటు అలకు అడ్డంగా ఉంటుంది, తర్వాతి అల పక్క నుంచి కొడుతుంది.

అందుకని నెత్తి దాటి కిందికి ఉరకకండి. ముందు పోతున్న అల వీపు మీద కూర్చున్నట్టు, దానితో పాటే పోవాలి. నెత్తికి దగ్గరైతే తగ్గించు, వెనకబడితే ఇవ్వు. మెడ తిప్పి వెనక ఏం వస్తోందో చూస్తూ ఉండాలి. వీలైతే ఇంకో మనిషిని వెనక్కి చూడమనండి.

ఇంకో మాట. గాబరాపడి థ్రాటిల్ ఒక్కసారిగా సున్నాకు లాగొద్దు. మన బోటు రేపిన అలే వెనక నుంచి వచ్చి ఇంజన్ దగ్గరి పొట్టి గోడ దాటి లోపలికి పోస్తుంది.

ఈగలపెంట_నీళ్లు

అన్నా, వీపు మీద కూర్చోమన్నది పెద్ద అలకు బాగుంటుంది. మాస్టారి లెక్క ప్రకారం ఇక్కడి అల వేగం గంటకు 17 కిలోమీటర్లు. 17 అడుగుల ఫైబర్ బోటు సరిగ్గా ఆ వేగానికే ముక్కు ఆకాశానికి లేపి, వెనక కుంగి, ముందు ఏమీ కనబడకుండా పోతుంది. తేలిపోయే స్థితికి రాదు, నీళ్లలో నిలకడగానూ ఉండదు. ఆ వేగంలో ఆరుగురితో ఎంతసేపు పోగలం?

మా వైపు మేం చేసేది చెప్తా. అలలు మోకాలెత్తు లోపు ఉంటే అలకంటే వేగంగా, ముక్కు పైకి ట్రిమ్ చేసి పోతాం. ప్రతి నెత్తి దగ్గరా చెయ్యి తగ్గిస్తాం. అంతకు మించితే అల కంటే నెమ్మదిగా, పది లోపు, ఒక పక్కకు కొంచెం ఏటవాలుగా పెట్టి అలలను కింది నుంచి పోనిస్తాం. కానీ దీనికి వెనక గోడ ఎత్తుగా ఉండాలి, లోపల నీళ్లు తోడే పంపు పనిచెయ్యాలి.

మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. శ్రీశైలం ఆనకట్ట దిగువన, లింగాలగట్టు కింద, కొండల మధ్య నది సన్నగా ఉంటుంది. ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవి నడిస్తే నీరు దిగువకు పరుగెత్తుతుంది. అప్పుడు గాలి దిగువ నుంచి ఎగువకు వీస్తే అలలు పొట్టివైపోతాయి, ఎత్తు పెరుగుతాయి, నెత్తులు విరుగుతాయి. అదే గాలి, అదే బోటు, యూనిట్లు ఆగితే అలలు సగం సర్దుకుంటాయి. సాగర్ వెడల్పు నీళ్లలో ఈ గొడవ తెలియదు, ఎగువకు వచ్చేకొద్దీ తెలుస్తుంది.

తూర్పుతీరం

ఈగలపెంట తమ్ముడు చెప్పింది సరే. మా బోట్లు పొడుగు, బరువు. నేను వాటి మీద నేర్చుకున్నాను. చిన్న ఫైబర్ బోటుకు ఆయన మాటే పట్టుకోండి. మోకాలెత్తు దాటిన రోజు మాత్రం అలకంటే వేగంగా పోయే ఆలోచనే వద్దు.

సోమశిల_జెట్టీ

అన్నలూ, నడిపే చెయ్యి గురించి బాగా చెప్పారు. నేను ఎక్కేవాళ్ల గురించి చెప్తాను, రోజూ జెట్టీ మీద నిలబడి చూసేది అదే కాబట్టి.

సోమశిల దగ్గర కృష్ణ వెడల్పుగా ఉంటుంది. సంగమేశ్వరం వైపు తెరిపి నీళ్లు, ఇటు కొండల సందులు. సందులోంచి బయటికి రాగానే గాలి ఒక్కసారి మీద పడుతుంది. గట్టు చాటున నీళ్లు చూసి బాగుందనుకుని బయలుదేరతారు. అందుకే తెరిపి నీళ్లు కనబడకముందే అందరికీ లైఫ్ జాకెట్ బకిల్స్ పెట్టించాలి. ఒళ్లో పెట్టుకున్న జాకెట్ అలలు మొదలయ్యాక తొడగడం కుదరదు. బోటు ఊగుతుంటే బకిల్ వేళ్లకు దొరకదు, పిల్లలకు అసలు దొరకదు. పిల్లలకు పిల్లల సైజే ఇవ్వండి. పెద్దలది వేస్తే నీళ్లలో పడ్డాక జాకెట్ పైకి వస్తుంది, పిల్ల కిందికి జారుతుంది. కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నవైతే మంచిది.

బరువైనవాళ్లను మధ్యలో, కొంచెం వెనకగా కూర్చోబెట్టండి. ముక్కు దగ్గర ఎవరూ వద్దు, దెబ్బ అక్కడే గట్టిగా తగులుతుంది. సెల్ఫీకి అందరూ ఒక పక్కకు రావడం నేను ఒప్పుకోను, గొడవపడైనా కూర్చోబెడతా. నిలబడితే బరువు పైకి పోతుంది, పక్క అలకు బోటు తేలిగ్గా ఒరుగుతుంది.

లోపల చేరిన నీళ్లను చిన్నచూపు చూడొద్దు. నాలుగు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న నేల మీద ఒక్క సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 60 కిలోలు. పది సెంటీమీటర్లు నిలిస్తే 600 కిలోలు, అదీ బోటు ఎటు ఒరిగితే అటే పరుగెత్తే బరువు. పంపు ఉన్నా ఒక బకెట్ ఉంచండి.

వాతావరణ శాఖ గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులని చెప్పిన రోజు నేను టికెట్ ఇవ్వను. ఏప్రిల్, మే నెలల్లో ఇంకా జాగ్రత్త. ఉక్కపోసి, గాలి ఒక్కసారి పడిపోయి, దూరంగా నల్లమబ్బు కింద దుమ్ము లేస్తే మనకు మిగిలింది నిమిషాలే. ఆ చల్లగాలి తాకకముందే దగ్గరి గట్టు చాటుకు పోవాలి. పిడుగుల కోసం దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి.

దేవరకొండ_వేగం

అక్కా, మధ్యలో ఉన్నప్పుడు వెనక్కి తిరగాలనిపిస్తే? అడ్డం పడకుండా ఎట్ల తిప్పాలి?

సోమశిల_జెట్టీ

దానికి తూర్పుతీరం అన్న చెప్తేనే బాగుంటుంది.

తూర్పుతీరం

అలలన్నీ ఒకే ఎత్తులో రావు. మూడు నాలుగు పెద్దవి వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి. ఎదురుగా ముక్కు పెట్టి నెమ్మదిగా పోతూ వాటిని కాచుకోండి. ఆఖరి పెద్ద అల నెత్తి దాటి దాని వీపు మీద దిగడం మొదలవగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పి థ్రాటిల్ గట్టిగా ఇవ్వాలి. గుంటలో ఉండగానే తిరగడం పూర్తి కావాలి. సగం తిరిగి సందేహిస్తే అడ్డంగా దొరికిపోతారు. తిప్పే ముందు అందరినీ గట్టిగా పట్టుకోమని అరవండి.

కృష్ణాతీరం (నేరేడుగొమ్ము)

ఇంకో ప్రశ్న. అలల మధ్య ఇంజన్ ఆగిపోతే? మా దగ్గర చాలాచోట్ల లంగరు అందని లోతు.

హాలియా_మెకానిక్

ఇంజన్ ఆగగానే బోటు దానంతట అదే అడ్డం తిరుగుతుంది. కాబట్టి ఇంజన్ కవర్ ఎత్తడం తర్వాత, ముందు ముక్కును గాలికి పెట్టాలి. లంగరు అందే లోతైతే ముక్కుకే కట్టండి, లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు తాడు వదలండి. ఎప్పుడూ వెనక కట్టొద్దు, వెనక గోడ పొట్టిది, ఇంజన్ బరువుతో ముందే కుంగి ఉంటుంది. లోతు ఎక్కువైతే గట్టి బకెట్‌కు పొడవాటి తాడు కట్టి ముక్కు నుంచి నీళ్లలో వదలండి. బకెట్ నీళ్లను పట్టి లాగుతుంది, ముక్కు గాలివైపు నిలుస్తుంది. ఒకటి చాలకపోతే రెండు. హ్యాండిల్ ఊడిపోయే పల్చటి ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు. తర్వాత చూసేవి: కిల్ స్విచ్ క్లిప్ ఊడిందా, పెట్రోల్ పైపు మడత పడిందా, ట్యాంకు గాలి మూత తెరిచి ఉందా, ఫ్యానుకు వల చుట్టుకుందా. అలలకు ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కదిలి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది, ఒక ఫిల్టర్ స్పేర్ ఉంచుకోండి.

లెక్కలమాస్టారు_మిర్యాలగూడ

ఒడ్డుకు వచ్చేటప్పటి సంగతి ఎవరూ అనలేదు. లోతు అల పొడవులో సగానికి తగ్గితే అడుగు అలకు తగులుతుంది. 14 మీటర్ల అలకు 7 మీటర్ల లోతు దగ్గర నుంచే మార్పు మొదలవుతుంది, ఇంకా లోతు తగ్గేకొద్దీ అలలు దగ్గరపడి నిటారవుతాయి. నీటిమట్టం తగ్గిన నెలల్లో మునిగిన గుట్టల పైన కూడా ఇదే. చుట్టూ మామూలుగా ఉండి ఒక్కచోటే అలలు గుంపుగా విరుగుతుంటే అక్కడ కింద బండ ఉందనుకోండి. నిటారు రాతి గట్టు ఉన్నచోట అల తగిలి వెనక్కి వస్తుంది, వచ్చేదీ పోయేదీ కలిసి రెట్టింపు ఎత్తుకు లేస్తాయి. అలాంటి గట్టుకు దూరంగా పోండి.

ఈగలపెంట_నీళ్లు

అవును మాస్టారూ. గాలి కొట్టే ఒడ్డున దించడానికి చూడొద్దు. కొంచెం చుట్టూ తిరిగినా గట్టు చాటున దించి, అక్కడి నుంచి ఆటోలో పంపండి.

కృష్ణాతీరం (నేరేడుగొమ్ము)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా బోట్లవాళ్లందరికీ ఇది చదివి వినిపిస్తా. పిల్లల సైజు జాకెట్లు మా దగ్గర రెండే ఉన్నాయి, ఇంకో నాలుగు తెప్పిస్తున్నాం. కిల్ స్విచ్ తాడు ఒకటి స్పేర్ తీసుకుందామనుకుంటున్నా, దేవరకొండలో దొరుకుతుందా?

హాలియా_మెకానిక్

అక్కడ కష్టం తమ్మీ, హైదరాబాద్ నుంచి తెప్పించుకో. కంపెనీని బట్టి క్లిప్ ఆకారం మారుతుంది, ఇంజన్ మోడల్ నంబర్ ఫొటో తీసి పంపు. వచ్చాక ఒడ్డున కట్టేసి ఉండగానే ఇంజన్ స్టార్ట్ చేసి, తాడు లాగి ఆగుతుందో లేదో చూడు. రెండోది పక్కన కూర్చునే మనిషి దగ్గర ఉంచు. నువ్వు నీళ్లలో పడితే నీ తాడు నీతోనే పోతుంది, ఆ స్పేర్ పెడితేనే వాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి నీ దగ్గరికి రాగలరు.